తుప్పు వదిలించడానికి వెనిగరా, కరెంటా, చేతి చాకిరీయా?

పాతరంపం: తాతగారి పెట్టెలో ఒక ఉలి, ఒక రంపం దొరికాయి. రెండూ తుప్పు పట్టి ఉన్నాయి. రాత్రంతా వెనిగర్‌లో పడేయమని ఒకరు, అలా చేస్తే ఉక్కు పాడైపోతుందని ఇంకొకరు. ఎవరి మాట వినాలండీ?

పుల్లనీళ్లు: నిస్సందేహంగా వెనిగరే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లయితే వాసన కూడా ఉండదు. కాకపోతే రాత్రంతా వద్దు, మధ్యమధ్యలో తీసి బ్రష్‌తో రుద్ది చూడండి. యాసిడ్ తుప్పు తిన్నాక ఊరుకోదు, ఇనుము మీద పడుతుంది. నేనొకసారి రెండు రోజులు మర్చిపోయా. ఉలి అంచంతా గుంటలే!

కరెంటుబాబు: అందుకే ఎలక్ట్రాలిసిస్ అంటాను. నీళ్లలో కాస్త చాకలి సోడా కలిపి, కారు బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ తీగ మన వస్తువుకి, పాజిటివ్ పాత ఇనుప ముక్కకి తగిలించి, రెండూ తాకకుండా ముంచండి. ఎన్ని గంటలు ఉంచినా అసలు ఇనుము అరగదు.

గాలికిటికీ: బాబుగారూ, సగమే చెప్పారు. అక్కడ హైడ్రోజన్ పుడుతుంది. మూసిన గదిలో పెడితే ఒక్క నిప్పురవ్వ చాలు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు అస్సలు పెట్టొద్దు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. పైగా ఆ హైడ్రోజన్ కొంత ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. మామూలు ఇనుముకి పర్లేదు కానీ స్ప్రింగులు, బాగా గట్టిపరిచిన ఉక్కు అయితే విరిగే ప్రమాదం ఉంది.

కరెంటుబాబు: ఆ పెళుసుదనం యాసిడ్‌తోనూ వస్తుంది కదండీ! నా ఒక్కడి మీదే పడతారేం?

గాలికిటికీ: వస్తుంది, కాదనను. అందుకే స్ప్రింగులా వంగే రంపానికి రెండూ వద్దంటాను. పైపై తుప్పయితే నూనె రాసి సన్నటి స్టీల్ ఊల్‌తో, అంటే ఉక్కు పీచుతో, రుద్దండి. చేతులు నొప్పెడతాయి, అంతే. గ్రైండర్‌కి బిగించే వైర్ బ్రష్ మాత్రం వద్దు, తయారీదారు ముద్ర ఉంటే అరిగిపోతుంది.

పుల్లనీళ్లు: నానబెట్టేవాళ్లు ఇంకోటి మర్చిపోతారు. బయటికి తీసిన కాసేపటికే మళ్లీ నారింజ రంగు పొర వస్తుంది. వంట సోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి నూనె రాయాలి.

పాతరంపం: సరే, ఉలికి నిమ్మ ఉప్పు, రంపానికి నా చేతులు. కానీ ఉలి పిడి ఊడి రావట్లేదు. పిడితో సహా ముంచెయ్యనా?

పుల్లనీళ్లు: వద్దు వద్దు! చెక్క ఉబ్బి పగులుతుంది. పొడవాటి గ్లాసులో ఉక్కు వరకే మునిగేలా నిలబెట్టండి.