కేర్ హోమ్‌లో నిజంగా బాగా చూసుకుంటున్నారో లేదో ఎలా కనిపెట్టాలి?

చిన్నకోడలు:
మా అత్తగారికి 81 ఏళ్లు. పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి, కాలు సరిగ్గా ఆడడం లేదు. ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. ఇంట్లో పెట్టుకుని చూసే పరిస్థితి దాటిపోయింది. ఇప్పటికి రెండు కేర్ హోమ్‌లు చూశాం. రెండు చోట్లా మేనేజరే దగ్గరుండి అంతా తిప్పి చూపించారు. గదులు శుభ్రంగా ఉన్నాయి, అందరూ నవ్వుతూ పలకరించారు. ఏ లోపమూ కనబడలేదు, నా టెన్షన్ కూడా అదే. మీవాళ్లని అలాంటిచోట పెట్టినవాళ్లు, అక్కడ పనిచేసినవాళ్లు ఏం చూడాలో చెప్పండి. బ్రోచర్‌లో ఉండేవి వద్దు.

రాత్రిడ్యూటీ:
నర్సుగా ఇలాంటి చోట్ల చాలాకాలం పనిచేశాను. పగలు పదకొండింటికి వెళ్తే ఏ హోమైనా బాగానే ఉంటుందండీ. రాత్రి భోజనాలయ్యాక వెళ్లండి, లేదా ఆదివారం వెళ్లండి. "మొత్తం స్టాఫ్ ఎంతమంది?" అని అడగొద్దు. "రాత్రి ఈ ఫ్లోర్‌లో ఎన్ని మంచాలకు ఎంతమంది ఉంటారు, వాళ్లలో నర్సు ఎవరు?" అని అడగండి. "24 గంటలూ స్టాఫ్ ఉంటారు" అనే మాటకు ఒక్క ఆయా కుర్చీలో కునికిపాట్లు పడుతూ ఉన్నా అర్థం సరిపోతుంది.

మీ అత్తగారిలా తనంతట తాను పక్కకు తిరగలేనివాళ్లను దాదాపు రెండు గంటలకోసారి తిప్పి పడుకోబెట్టాలనేది పాత లెక్క. పరుపును బట్టి, మనిషిని బట్టి కాస్త మారుతుంది. తిప్పినప్పుడల్లా చార్ట్‌లో రాయాలి. ఆ చార్ట్ చూపించమనండి. నేను చేరిన ఒకచోట సాయంత్రం షిఫ్ట్‌వాళ్లే తెల్లవారుజామున 4 దాకా టిక్కులు పెట్టేసి వెళ్లేవారు. రాత్రంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, గడియారం కొట్టినట్టు సరిగ్గా రెండేసి గంటలు. అంత అందంగా ఉన్న చార్ట్‌ని అనుమానించండి.

చేర్చాక ఎప్పుడు వెళ్లినా మడమలు, నడుము కింది ఎముక దగ్గర చూడండి. ఎర్రటి మచ్చ మీద వేలితో నొక్కి తీస్తే ఆ చోటు తెల్లబడాలి. తెల్లబడకుండా అలాగే ఉంటే బెడ్ సోర్, అంటే ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండు, మొదలైనట్టే. అది మొదటి దశ. నాలుగో దశకు వచ్చేసరికి కండ, ఎముక దాకా పోతుంది. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనబడదు. అక్కడ చర్మం వేడిగా ఉందా, గట్టిపడిందా, చుట్టుపక్కల కన్నా రంగు మారిందా అని తడిమి చూడాలి.

మొహమాటంలేదు:
నేను నీళ్ల గ్లాసు చూస్తాను. మా పెద్దమ్మకు ఎడమ చెయ్యి పనిచెయ్యదు, గ్లాసేమో రోజూ ఎడమపక్క బల్ల మీదే ఉండేది. వెళ్లినవాళ్లంతా "చూడు, జగ్గు నిండా నీళ్లు పెట్టారు" అని మురిసిపోయేవారు. సాయంత్రానికి కూడా జగ్గు నిండుగా ఉందంటే ఎవరూ తాగించలేదని అర్థం! కాలింగ్ బెల్ కూడా అంతే, మంచి చేతికి అందేలా ఉండాలి. మీరే ఒకసారి నొక్కి, ఎంతసేపటికి వస్తారో చూడండి.

భోజనం వేళకి తప్పకుండా వెళ్లండి. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. తిండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తినిపించే మనిషి ఎదురుగా కూర్చుని, నిదానంగా, మింగారని చూసుకుని ఇంకో ముద్ద పెడుతోందా? లేక నిలబడి, ఫోన్ చూస్తూ కుక్కేస్తోందా? ఆ పది నిమిషాల్లోనే ఆ హోమ్ ఏమిటో తెలిసిపోతుంది.

లెక్కలమాస్టారు:
బరువు రిజిస్టర్ అడగండి. నెలలో 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే పట్టించుకోవాల్సిన విషయమే. అంటే 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గితే ఎవరైనా కారణం వెతికి ఉండాలి. కాళ్ల వాపు ఉంటే మాత్రం బరువు తగ్గినా కాటా చెప్పదు, గుర్తుపెట్టుకోండి.

పాతకాపు:
అందరూ "వాసన వస్తే బయటికొచ్చేయండి" అంటారు. నేను ఒప్పుకోను. పొద్దున్నే డైపర్లు మార్చే వేళ ఒక గదిలో వాసన రావడం మామూలే. వరండా అంతా, ఏ వేళ వెళ్లినా వస్తుంటే అది వేరే సంగతి. నాకు అంతకంటే భయం, తలుపు తీయగానే గుప్పున కొట్టే రూమ్ ఫ్రెషనర్.

చిన్నకోడలు:
అందరికీ థాంక్స్. ఒక సందేహం. ఒకచోట మధ్యాహ్నం కాకుండానే హాల్లో చాలామంది కుర్చీల్లో తలలు వాల్చేసి నిద్రపోతున్నారు. ముసలితనంలో అది మామూలేనా?

రాత్రిడ్యూటీ:
ఒకరిద్దరు కునుకు తీస్తే మామూలే. హాలంతా నిద్రపోతుంటే ఏ మందులు ఇస్తున్నారో అడగాల్సిందే. మతిమరుపు ఉన్నవాళ్లు అరుస్తారు, తిరుగుతారు. మనుషులు తక్కువున్న చోట అది ఆపడానికి యాంటీసైకోటిక్ (మానసిక జబ్బులకు ఇచ్చే) మాత్రలు వాడతారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లలో ఇవి మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్తరకం మందుల మీద, 2008లో పాతరకం వాటి మీద కూడా గట్టి హెచ్చరిక వేయించింది. అసలే వాడకూడదని కాదు. తమకో ఇతరులకో హాని చేసుకునేంత స్థితి ఉంటే వాడాల్సి రావచ్చు. ఏ డాక్టరు రాశారు, దేనికి రాశారు, మళ్లీ ఎప్పుడు చూసి తగ్గిస్తారు, ఈ మూడూ అడగండి. జవాబు లేకపోతే ఆ మాత్ర స్టాఫ్ సౌకర్యం కోసమే.

ఇంకో మాట. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంటే "మతిమరుపు ముదిరింది" అనేస్తే ఒప్పుకోకండి. యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్త మందు, వీటిలో ఏదైనా కావచ్చు. డాక్టరుకి చూపించమని పట్టుబట్టండి. వీల్‌చైర్‌కి చీరో దుప్పటో పెట్టి కట్టేసి ఉన్నవాళ్లు ఎక్కడైనా కనబడితే మాత్రం అక్కడ చేర్చకండి.

వేరేమాట:
ఇవన్నీ ఒంటికి సంబంధించినవే కదా. మా నాన్నకు పుండు పడలేదు, బరువు తగ్గలేదు, రిజిస్టర్‌లో ఒక్క తప్పు లేదు. కానీ ఆయన్ని "పన్నెండో నంబర్" అనేవారు. వినికిడి మిషన్ సొరుగులో ఉండేది, బ్యాటరీ అయిపోయి. ఎవరు ఏం మాట్లాడినా ఆయన పలకరు, పలకరు కాబట్టి ఎవరూ మాట్లాడరు. పైగా రికార్డులో "ముభావంగా ఉంటారు" అని రాశారు! కళ్లజోడు, పళ్లసెట్టు, వినికిడి మిషన్ మనిషి మీద ఉన్నాయో లేదో చూడండి.

రాత్రిడ్యూటీ:
షిఫ్ట్ అప్పగించేటప్పుడు మేమూ బెడ్ నంబర్లే వాడతామండీ, మందు మారిపోకుండా. మనిషి ముఖం మీద అలా పిలవడం మాత్రం తప్పే.

పాతకాపు:
"ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నావమ్మా?" అని మేనేజర్ లేనప్పుడు ఆయాని అడగండి. అందరూ కొత్తవాళ్లే అయితే పాతవాళ్లు ఎందుకు మానేశారో ఆలోచించాలి.

చిన్నకోడలు:
నిన్న రాత్రి రెండు చోట్లకీ చెప్పకుండా వెళ్లాం. మొదటిచోట "విజిటింగ్ అవర్స్ అయిపోయాయి" అని గేటు దగ్గరే ఆపేశారు. రెండోచోట నర్సు పైకి తీసుకెళ్లింది, పేర్లు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి చార్ట్ చూపించింది. ఒక రాత్రి 2 గంటల దగ్గర "నిద్రలో ఉన్నారు, తిరగనన్నారు" అని రాసి ఉంది. అది చూశాకే నమ్మకం కలిగింది. చేర్చాక ఏదైనా తేడా వస్తే గట్టిగా అడగొచ్చా? అత్తగారి మీద కక్ష తీర్చుకుంటారేమోనని భయం.

మొహమాటంలేదు:
అడగండి, కాకపోతే "మీరు సరిగ్గా చూడట్లేదు" అనొద్దు. "మంగళవారం సాయంత్రం 5కి వచ్చాను, డైపర్ తడిసి ఉంది, 6 దాకా ఎవరూ రాలేదు" అని తేదీతో, టైముతో ఇన్‌చార్జ్ నర్సుకి రాసివ్వండి. ఎప్పటికి సరిచేస్తారో కూడా రాయించుకోండి. కాగితం మీద పడితే కక్ష కన్నా జాగ్రత్తే పెరుగుతుంది, మా అనుభవం అదీ.

లెక్కలమాస్టారు:
సంతకం పెట్టే ముందు అగ్రిమెంట్‌లో ఒకటి చూసుకోండి. రాత్రి కిందపడితే మీకు ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఎవరు తోడు వెళ్తారు? "కుటుంబానికి మరుసటి రోజు తెలియజేస్తాం" అని ఉంటే ఆ లైను కొట్టించి, వెంటనే అని రాయించండి.