‘ఇస్లామిక్ రాజ్యం’ ఎప్పటి మాట?

అడ్డప్రశ్న:
‘ఇస్లాంలో మతమూ రాజకీయమూ ఒకటే, మొదటినుంచీ అంతే.’ ఈ మాట గర్వంగా చెప్పేవాళ్ళ నోటా విన్నాను, జనాన్ని భయపెట్టడానికి చెప్పేవాళ్ళ నోటా విన్నాను. ఉప్పూ నిప్పూలా ఉండే ఈ రెండు వర్గాలూ ఈ ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఏకమైపోతాయి. నా అనుమానం అక్కడే మొదలైంది. నిన్న ఒక మిత్రుడు కూడా ఇదే అనేసరికి వాదన పడింది. అది ఇక్కడికి తెస్తున్నాను.

నేననేది ఏమిటంటే, ఇవాళ ‘ఇస్లామిక్ రాజ్యం’ అని పిలుస్తున్నది ఏడో శతాబ్దపు సరుకు కాదు, ఇరవయ్యో శతాబ్దంలో తయారైంది. 1924 మార్చి 3న టర్కీ పార్లమెంటు ఖిలాఫత్‌ని, అంటే ప్రవక్త వారసుడిగా ముస్లింలకి నాయకుడైన ఖలీఫా పదవిని, రద్దు చేసింది. మరుసటి ఏడు ఈజిప్టులో షరియత్ కోర్టు జడ్జీగా ఉన్న అలీ అబ్దుల్ రాజిక్ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన కైరోలోని పేరున్న మత విద్యాపీఠం అల్ అజ్హర్‌లో చదివిన పండితుడే. ప్రవక్త సందేశం తెచ్చాడు కానీ సింహాసనం తేలేదనీ, ఖిలాఫత్ పెట్టి తీరాలని ఖురాన్‌లో ఎక్కడా లేదనీ, ఏ రకం ప్రభుత్వం కావాలో ముస్లింలు తమ బుద్ధితో, అనుభవంతో తేల్చుకోవచ్చనీ దాని సారాంశం. అల్ అజ్హర్ పెద్దలు విచారణ జరిపి ఆయన్ని పండితుల జాబితాలోంచి తీసేశారు. ఉద్యోగమూ పోయింది. ఖాళీ అయిన ఖలీఫా పదవి మీద అప్పట్లో ఈజిప్టు రాజు ఫువాద్‌కి కన్ను ఉంది. కాబట్టి ఆ విచారణలో మతం పాలెంతో, దర్బారు పాలెంతో మీరే లెక్కేసుకోండి.

ఇంకా వెనక్కి వెళ్దాం. 632లో ప్రవక్త చనిపోయాక మొదటి ఖలీఫా అబూబకర్‌ని మదీనాలో ఒక పందిరి కింద జరిగిన వాగ్వాదం మధ్య ఎంచుకున్నారు. రెండో ఆయన ఉమర్. ఆయన పేరు అబూబకరే చెప్పిపోయాడు. మూడో ఆయన ఉస్మాన్‌ని ఆరుగురి కమిటీ తేల్చింది. అలీ వచ్చేసరికి అంతర్యుద్ధం, 661 నుంచి వంశపాలన. దేవుడు ఒక పద్ధతి రాసిచ్చి ఉంటే ప్రవక్త పక్కనే బతికినవాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

చరిత్ర పిచ్చి:
సగం ఒప్పుకుంటా. ఇంకో సంగతి కలపండి. 833లో అబ్బాసీ ఖలీఫా మామూన్ పండితులందరి చేతా ఒక మాట ఒప్పించాలనుకున్నాడు. ఖురాన్ అనాదిగా ఉన్నది కాదు, సృష్టించబడినది అన్నదే ఆ మాట. ఇవాళ చదివితే ఇంత సూక్ష్మమైన విషయానికి కొరడాలు ఎందుకనిపిస్తుంది. కానీ అసలు తగువు వేరు. ధర్మం ఏదో చెప్పే హక్కు ఖలీఫాదా, పండితులదా? అహ్మద్ ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు. జైల్లో పడ్డాడు, కొరడా దెబ్బలు తిన్నాడు. చివరికి ముతవక్కిల్ అనే ఖలీఫా కాలంలో ఆ విచారణలు ఆపేయాల్సి వచ్చింది. సున్నీల నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి ఇవాళ్టికీ ఇబ్న్ హంబల్ పేరుతోనే ఉంది. మామూన్ పేరుతో ఏదీ లేదు.

ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు కత్తి సుల్తాను చేతిలో, కితాబు ఉలేమా (మత పండితుల) చేతిలో. ఒకరి జోలికి ఒకరు పోకుండా ఉన్నారని కాదు, తరచూ పోయారు. కానీ రెండూ ఒకే చేతిలో లేవు.

మక్తబ్ పిల్లాడు:
చిన్నప్పుడు మక్తబ్‌లో, అంటే ఖురాన్ నేర్పే బడిలో, కూర్చుని చదివినవాణ్ణి, అందుకే ఈ పేరు. మీ ఇద్దరూ చాలా సులువుగా తేల్చేశారు.

మావర్దీ సంగతి ఎందుకు ఎత్తలేదు? 1058లో చనిపోయిన న్యాయపండితుడు, సున్నీల నాలుగు సంప్రదాయాల్లో షాఫీకి చెందినవాడు. పాలన మీద రాసిన ఆయన గ్రంథం మొదట్లోనే ఉంది, ధర్మాన్ని కాపాడడానికీ లోకవ్యవహారం నడపడానికీ ప్రవక్త స్థానంలో నిలబడేదే ఇమామత్ (సమాజ నాయకత్వం) అని. ఇమామును నిలబెట్టుకోవడం సమాజం మీద ఉన్న విధి అని కూడా రాశాడు. ఇది ఇరవయ్యో శతాబ్దపు కల్పన కాదుగా?

ప్రవక్త మదీనాలో పన్ను వసూలు చేశాడు, యుద్ధం చేశాడు, సంధులు రాసుకున్నాడు, తగువులు తీర్చాడు. మదీనా ఒప్పందంలో యూదు తెగల్ని కూడా కలుపుకున్నాడు. ఇవన్నీ రాజకీయం కాకపోతే ఇంకేం కావాలి? ‘మతం మనిషి సొంత విషయం’ అనే సూత్రం ఐరోపాలో, వాళ్ళ చర్చి యుద్ధాల్లోంచి పుట్టింది. మాకు పోపూ లేడు, ఆ చర్చీ లేదు. ఆ కొలబద్ద తెచ్చి మా చరిత్రని కొలిస్తే ఎప్పుడూ పొట్టిగానే కనబడుతుంది.

చరిత్ర పిచ్చి:
మావర్దీని మీరే తెచ్చారు కాబట్టి చెప్తా. ఆయన రాసే నాటికి బాగ్దాద్‌లో ఖలీఫా పేరుకే ఉన్నాడు. 945 నుంచి పెత్తనం బువైహీ సేనాధిపతులది, అదీ షియాలది. అదే గ్రంథంలో మావర్దీ ఇంకో అధ్యాయం రాశాడు. బలంతో ఒక ప్రాంతం లాక్కున్నవాడినైనా, అతను షరియత్‌ని నిలబెట్టి, పేరుకైనా ఖలీఫాకి లోబడితే, గుర్తించవచ్చంటాడు. మొదటి అధ్యాయంలో ఆదర్శం, తర్వాత సర్దుబాటు. నాకైతే ఆయన మీద గౌరవం ఈ సర్దుబాటు వల్లే. కూలిపోతున్న ఇంట్లో కూర్చుని గోడకి ఆసరా ఎక్కడ పెట్టాలో చూస్తున్నాడు పాపం.

విధి అన్న మాట మీద కూడా అందరూ ఒక్కటి కాదు. తర్కానికి పెద్దపీట వేసిన ముతజిలీల్లో అసమ్ అనే తాత్వికుడు, తొలి తిరుగుబాటు వర్గమైన ఖవారిజుల్లో నజదాత్ అనే శాఖ, జనం తమంతట తాము న్యాయంగా మసలుకుంటే ఇమాము అక్కర్లేదన్నారు. తక్కువమందే, ఒప్పుకుంటా.

లా స్టూడెంట్:
అందరూ ఖలీఫాల చుట్టూ తిరుగుతున్నారు. అసలు మార్పు చట్టంలో వచ్చింది. పాతకాలంలో షరియత్ అంటే షెల్ఫులో ఉన్న ఒక్క పుస్తకం కాదు. ఒకే తగువు మీద హనఫీ సంప్రదాయంవాడు ఒకటి చెప్తే మాలికీ సంప్రదాయంవాడు ఇంకోటి చెప్పేవాడు. ఖాజీ (న్యాయాధికారి) తన సంప్రదాయం ప్రకారం తీర్పిచ్చేవాడు. ముఫ్తీ అనే పండితుడు ఇచ్చే ఫత్వా అభిప్రాయమే, ఉత్తర్వు కాదు. అలాంటి చోట టర్కీ ఒట్టొమన్ ప్రభుత్వం 1869 నుంచి 1876 దాకా హనఫీ వ్యవహార ధర్మాన్ని 1851 సెక్షన్ల కోడ్‌గా అచ్చేసింది, మెజెల్లె అని. ఆ రోజు నుంచి ఏది చట్టమో చెప్పేది పండితుడు కాదు, సర్కారు. చూడ్డానికి షరియత్ గెలిచినట్టే ఉంటుంది. కానీ పండితుడి చేతిలో కలం ప్రభుత్వ ముద్రణాలయానికి పోయింది.

1941లో జమాతే ఇస్లామీ పెట్టిన మౌదూదీ సార్వభౌమత్వం దేవుడిదే అన్నాడు. సార్వభౌమత్వం అన్న ఆలోచనే ఆధునిక రాజ్యాంగ శాస్త్రానిది. పార్లమెంటు కూర్చునే కుర్చీలో దేవుణ్ణి కూర్చోబెట్టారు, కుర్చీ మాత్రం అదే.

అడ్డప్రశ్న:
కుర్చీ మాట బాగుంది. మక్తబ్ గారి ప్రశ్నకి కూడా అక్కడే నా జవాబు. ‘దేవుడిదే తీర్పు’ అన్న నినాదం 657లో సిఫ్ఫీన్ యుద్ధం తర్వాతే లేచింది. మధ్యవర్తులకి ఒప్పుకున్నాడని ఖలీఫా అలీ మీదే తిరగబడ్డ ఖవారిజులు ఎత్తుకున్నారు. అలీ ఏమన్నాడు? మాట నిజమే, దాని వెనకున్న ఉద్దేశం అబద్ధం అన్నాడు. ఖురాన్ అట్టల మధ్య ఉన్న రాత, అది తనంతట మాట్లాడదు, మనుషులే దాని తరఫున మాట్లాడతారు అని కూడా అన్నాడు. రాజనీతి మీద ఇంతకన్నా పదునైన మాట నాకైతే కనబడలేదు. సార్వభౌమత్వం దేవుడిదే అనుకుందాం. సంతకం ఎవరిది?

నీలి సిరా:
ఆ సంతకం దగ్గర ఆగండి. ఇంతసేపూ మాట్లాడిన ఖలీఫాలు, ఖాజీలు, సేనాధిపతులు అందరూ మగవాళ్ళే, పైగా మెజారిటీ మతంవాళ్ళు. బయటున్నవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇది పాతదా కొత్తదా అన్నది రెండో ప్రశ్న.

1949 మార్చి 12న పాకిస్తాన్ రాజ్యాంగ సభ లక్ష్యాల తీర్మానం చేసింది. విశ్వం మొత్తం మీద సార్వభౌమత్వం దేవుడిది, ఆయన దాన్ని ప్రజల ద్వారా పాకిస్తాన్ రాజ్యానికి అప్పగించాడు అని. హిందూ సభ్యులు సవరణలు పెట్టారు. ఒక్కటీ నెగ్గలేదు. అయిదేళ్ళు తిరక్కుండానే చాలామంది ముస్లింలు తమలో కలుపుకోని అహ్మదీయ శాఖ మీద పంజాబ్‌లో అల్లర్లు. దాని మీద వేసిన విచారణ సంఘం 1954 నివేదికలో ఏం రాసిందో తెలుసా? ముస్లిం అంటే ఎవరని ఉలేమాని అడిగితే ఏ ఇద్దరి నిర్వచనమూ కలవలేదని. నిర్వచనం కలవకపోవడం మతానికి ఇబ్బంది కాదు. పోలీసు చేతిలో పెట్టినప్పుడే ఇబ్బంది.

ట్యునీషియాలో 2012లో రాజ్యాంగం ముసాయిదాలో స్త్రీ పురుషుడికి ‘పూరకం’ అని రాశారు. ఆగస్టు 13న ఆడవాళ్ళు వేలల్లో రోడ్డెక్కారు. ఆ మాట పోయింది, 2014 రాజ్యాంగంలో సమానత్వమే నిలిచింది. అప్పుడు సభలో అందరికన్నా పెద్ద పార్టీ ఎన్నహ్దా, ఇస్లామిస్టులే.

మక్తబ్ పిల్లాడు:
నీలి సిరా గారూ, మీరు చెప్పినదాంట్లో నా వాదనే ఉంది. పోట్లాడారు, మార్చుకున్నారు. అంటే సంప్రదాయంలో ఉంటూనే మార్చుకోవచ్చు. ఇరాన్‌లో 1906 రాజ్యాంగ ఉద్యమం చూడండి. షియాల నమ్మకం ప్రకారం కనబడకుండా ఉన్న ‘దాచిన ఇమాము’ తిరిగొచ్చేదాకా పూర్తి న్యాయమైన ప్రభుత్వం సాధ్యం కాదు, కాబట్టి రాజు అధికారానికి కనీసం కళ్ళెం వేయండి అని నాయీనీ 1909లో గ్రంథమే రాశాడు. అటుపక్క షేక్ ఫజ్లుల్లా నూరీ, రాజ్యాంగం షరియత్‌కి విరుద్ధమన్నాడు. అదే ఏడాది ఆయన్ని ఉరి తీశారు. ఇద్దరూ ముజ్‌తహిద్‌లే (సొంతంగా ధర్మనిర్ణయం చేయగల పండితులు), చదివినవీ అవే కితాబులు.

లా స్టూడెంట్:
మరి అదే ఇరాన్‌లో డెబ్భై ఏళ్ళ తర్వాత ఏం జరిగింది? పండితుడే పాలించాలన్న సిద్ధాంతాన్ని ఖొమేనీ 1970లో ఇరాక్‌లోని నజఫ్‌లో పాఠాలుగా చెప్పాడు. అదే నజఫ్‌లో ఉన్న అయతొల్లా ఖోయీ దాన్ని ఒప్పుకోలేదు. 1979లో అది రాజ్యాంగంలోకి ఎక్కింది. పార్లమెంటు చేసిన చట్టాలు షరియత్‌కి తగవని, వాటిని పరిశీలించే గార్డియన్ కౌన్సిల్ కొట్టేస్తూ పోయింది. విసిగిపోయిన ఖొమేనీ 1988 జనవరిలో ఒక ఉత్తరం రాశాడు. ప్రభుత్వం దైవాజ్ఞల్లో మొదటి వరసది, నమాజు, ఉపవాసం, హజ్ కన్నా కూడా ముందు, అవసరమైతే హజ్‌ని కొన్నాళ్ళు ఆపొచ్చు అని. కొన్ని వారాల్లోనే ‘వ్యవస్థ ప్రయోజనం’ తేల్చే మండలి పుట్టింది. ఎవరు ఎవరిని మింగారో చూడండి.

తేలికైన మాట:
ఇంత పొడుగు ఎందుకండీ. ప్రజాస్వామ్యానికీ ఇస్లాంకీ పడదు. అంతే.

చరిత్ర పిచ్చి:
ఇండోనేషియా అని ఒక దేశం ఉంది. 1945 ఆగస్టు 18న, స్వాతంత్ర్యం ప్రకటించిన మర్నాడే, ముస్లింలు షరియత్ పాటించాలన్న ఏడు మాటల్ని రాజ్యాంగ పీఠికలోంచి తీసేశారు. తీసేయడానికి ఒప్పుకున్నవాళ్ళలో ముస్లిం నాయకులే ఉన్నారు. 1998 తర్వాత అక్కడ ఎన్నికలు, ప్రభుత్వాలు మారడం మామూలైంది. లోపాలున్నాయా అంటే చాలా ఉన్నాయి. కానీ ‘అంతే’ అనడానికి కుదరదు.

మక్తబ్ పిల్లాడు:
పడదు అనేవాళ్ళని ఒకటి అడుగుతా. 1991 డిసెంబర్‌లో అల్జీరియాలో మొదటి రౌండులో ఇస్లామిస్టులు ముందుకొచ్చారు. జనవరిలో సైన్యం ఎన్నికలే రద్దు చేసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నెత్తురు పారింది. 2012లో ఈజిప్టులో మోర్సీ గెలిచాడు, 2013 జులైలో సైన్యం దించేసింది. మోర్సీ పాలన బాగుందని అనను, బాగాలేదు. కానీ ఓట్లతో వచ్చినవాణ్ణి ట్యాంకులతో పంపితే, చూస్తున్న కుర్రాడు ఎవర్ని చదువుతాడు? నాయీనీనా? జైల్లో కూర్చుని రాసి, 1966లో ఉరికంబం ఎక్కిన ఈజిప్టు ఇస్లామిస్టు రచయిత సయ్యద్ కుతుబ్‌ని చదువుతాడు. మీ ‘కుర్చీ’ విమర్శ కరెక్టే కావచ్చు. ఆ కుర్చీ దగ్గరికి ఓటుతో వెళ్ళే దారి మూసేసింది ఎవరో కూడా రాయండి.

అడ్డప్రశ్న:
ఇది నేను వదిలేసిన మాటే, ఒప్పుకుంటున్నా. ఎన్నహ్దా అయితే 2016లో మత ప్రచారాన్నీ పార్టీనీ విడదీసింది, తమని ముస్లిం డెమోక్రాట్లు అనమంది. సరిగ్గా మనం అడిగిందే చేశారు. 2021 జులైలో అధ్యక్షుడు పార్లమెంటుని స్తంభింపజేశాడు. 2023 ఏప్రిల్‌లో ఆ పార్టీ నాయకుడు గన్నూషీ అరెస్టయ్యాడు. నా మొదటి పోస్టులో ఇది కూడా ఉండాల్సింది.

నీలి సిరా:
ఉండాల్సిందే. కానీ ఓటుతో వచ్చారు కాబట్టి ‘పూరకం’ అని రాయొచ్చు అని ఎవరైనా అంటే నేను మళ్ళీ ఇక్కడే ఉంటా.

అడ్డప్రశ్న:
ఈ చర్చంతా నిన్నటి మిత్రుడికి పంపాను. పందిరి దాకా ఒప్పుకుంటాట్ట, మావర్దీ దగ్గర ఆలోచిస్తాట్ట. ఖొమేనీ ఉత్తరం మాత్రం తన లెక్కలోకి రాదన్నాడు. ‘అది షియాల గొడవ’ అట. బువైహీలూ షియాలే, మరి వాళ్ళకి మావర్దీ చోటిచ్చాడు కదా అంటే, ఇంకా జవాబు రాలేదు.