అప్‌డేట్: టర్కిష్ 'ఎవిందే'లో ఆ 'న్' ఎక్కడిదో తెలిసింది

'ఎవ్‌దే' అంటే ఇంట్లో ('ఎవ్' అంటే ఇల్లు, 'దే' అంటే లో). మరి 'ఎవిందే' అంటే 'నీ ఇంట్లో' అని ఒకచోట, 'అతని ఇంట్లో' అని ఇంకోచోట ఎందుకుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

అచ్చుతో ముగిసే పదం పెట్టి చూడమన్న సలహాతోనే ముడి విడిపోయింది. 'అరబా' అంటే కారు. నీ కారులో: అరబా-న్-దా. అతని కారులో: అరబా-సి-న్-దా. మొదటి 'న్' అంటే 'నీ'. రెండోదానికి అర్థమేమీ లేదు. 'అతని, ఆమె' అని చెప్పే ప్రత్యయం ('సి' లేదా 'ఇ') తర్వాత విభక్తి వస్తే మధ్యలో అది తప్పకుండా చేరుతుంది. ఎవ్ హల్లుతో ముగుస్తుంది కాబట్టి ఎవ్-ఇన్-దే, ఎవ్-ఇ-న్-దే రెండూ ఒకేలా వినిపిస్తాయి. తేడా తెలియాలంటే ముందు 'సెనిన్' (నీ) లేదా 'ఓనున్' (అతని) ఉండాలి, లేదంటే సందర్భమే దిక్కు.

'ఇస్తాంబుల్ యూనివర్సిటెసిందే' (ఇస్తాంబుల్ యూనివర్సిటీలో) అనేదాంట్లో ఉన్నదీ ఈ రెండో 'న్'యే! నెలల తరబడి చూస్తూ గమనించలేదు.

అచ్చుల సామరస్యానికి (ముందున్న అచ్చును బట్టి 'దే' కాస్తా 'దా' కావడం లాంటిది) ఈ 'న్'తో సంబంధం లేదు, అనవసరంగా వారం దాని మీదే కూర్చున్నాను. ఒకరు చెప్పిన మన తెలుగు ఇల్లు-ఇంటి-ఇంట్లో పోలిక బాగుంది కానీ, అక్కడ పదమే మారుతుంది, ఇక్కడ 'ఎవ్' మారదు.