ఉన్న లెన్సులతోనే ఫుల్ ఫ్రేమ్‌కి మారడం తెలివైన పనేనా?

ట్రైపాడ్ లేనోడు:
నా దగ్గర 2016లో కొన్న నికాన్ డి7200 ఉంది, చిన్న సెన్సార్ (క్రాప్) కెమెరా. లెన్సులు నాలుగు: 18-140 (డీఎక్స్, అంటే క్రాప్ కెమెరాల కోసం చేసింది), టోకినా 11-16 (ఇదీ క్రాప్‌దే, మోటార్ లేని మొదటి మోడల్), 50 ఎంఎం ఎఫ్/1.8డి, ఒక 70-300 వీఆర్. కోఠిలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ డి750 (పెద్ద సెన్సార్, అంటే ఫుల్ ఫ్రేమ్) చూశాను. ఇంకోచోట జెడ్5 (ఇదీ ఫుల్ ఫ్రేమే, అద్దం లేని మిర్రర్‌లెస్), పాత లెన్సులు ఎక్కించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో కలిపి ఇస్తామంటున్నారు. రెండూ నా బడ్జెట్‌లోనే వస్తాయి. కానీ కొత్త లెన్సులు కొననని ఇంట్లో మాటిచ్చేశాను. నేను తీసేవి శనివారం సాయంత్రం చార్మినార్ గల్లీలు, బోనాలు, చుట్టాల పెళ్లిళ్లు, ఎప్పుడైనా అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు. రెండు నెలల్లో చిన్నాన్న కూతురి పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున. చీకట్లో నా కెమెరా నాయిస్‌తో, ఆ గరుకు చుక్కలతో విసిగిపోయాను. షాపాయన "అన్నీ ఎక్కుతాయి సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. మారిపోనా?

ఎఫ్ మౌంట్ తాత:
ఎక్కడం వేరు, పనిచేయడం వేరు బాబూ. ఆ షాపాయన అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు.

నికాన్ ఎఫ్ మౌంట్, అంటే బాడీకి లెన్స్ తగిలించే చోటు, 1959 నాటిది. ఆటోఫోకస్ వచ్చినప్పుడు కూడా మౌంట్ మార్చకుండా, మోటార్‌ని బాడీలో పెట్టి ఒక చిన్న స్క్రూతో లెన్స్‌ని తిప్పేవాళ్లు. నీ 50 ఎంఎం డి ఆ కాలం బిడ్డ, మొదటి టోకినా కూడా అంతే. డి7200లోనూ డి750లోనూ ఆ మోటార్ ఉంది కాబట్టి రెండూ హాయిగా ఫోకస్ అవుతాయి. ఎఫ్‌టీజెడ్‌లో మోటార్ లేదు. జెడ్5 మీద నీ 50ని చేత్తో తిప్పుకోవాల్సిందే. మీటరింగ్ (వెలుతురు కొలవడం) పనిచేస్తుంది, ఫోకస్ అంచులు రంగులో చూపిస్తుంది, సెన్సార్ కదలికతో చెయ్యి వణుకు కూడా కొంత ఆపుతుంది. కానీ తలంబ్రాలు పోసేటప్పుడు చేత్తో ఫోకస్ పట్టగలవా?

70-300 వీఆర్ ఒక్కటే ఏ బాడీ మీదైనా పూర్తిగా పనిచేస్తుంది. లోపలే మోటార్ ఉంది, ఫుల్ ఫ్రేమ్‌కి సరిపడా వెలుగు వలయం వేస్తుంది.

18-140 డీఎక్స్ పెడితే రెండు బాడీలూ తమంతట తామే క్రాప్‌లోకి, అంటే సెన్సార్ మధ్య ముక్కే వాడే పద్ధతిలోకి, వెళ్తాయి. 24 మెగాపిక్సెల్ కాస్తా సుమారు 10 అవుతుంది. పైగా డి750 వ్యూఫైండర్‌లో నడిమధ్య చిన్న డబ్బాలో చూస్తూ తీయాలి, జెడ్5లో అదే బొమ్మ తెర నిండా కనిపిస్తుంది. టోకినాని క్రాప్ ఆపేసి 15, 16 దగ్గర పెడితే ఫ్రేమ్ నిండుతుంది. అంతకన్నా వెడల్పుకి పోతే మూలలు నల్లగా వస్తాయి.

అంటే నాలుగింట్లో నిఖార్సుగా మిగిలేవి డి750లో రెండున్నర, జెడ్5లో ఒకటిన్నర.

కెనాన్ ఇంటి కోడలు:
మా ఇంట్లో కథ వేరు. మావారి దగ్గర కెనాన్ ఫుల్ ఫ్రేమ్ 6డి ఉండేది. నా ఈఎఫ్-ఎస్ లెన్స్ (కెనాన్ క్రాప్‌ది) దానికి అసలు ఎక్కనే ఎక్కదు, వెనక భాగం లోపలికి పొడుచుకొచ్చి అద్దానికి తగులుతుందని మౌంటే అడ్డుకుంటుంది. కనీసం మీకు 10 మెగాపిక్సెలైనా దక్కుతోంది, సంతోషించండి. కానీ కెనాన్ 1987లో పాత మౌంట్‌ని వదిలేసి, కొత్త ఈఎఫ్ మౌంట్‌లో ప్రతి లెన్స్‌లోనూ మోటార్ పెట్టడం వల్ల ఇప్పుడు మిర్రర్‌లెస్‌కి అడాప్టర్ వేస్తే ఈఎఫ్ లెన్సులన్నీ ఆటోఫోకస్ అవుతున్నాయి. అప్పట్లో పాత కస్టమర్లు తిట్టుకున్నది ఇప్పుడు మాకు కలిసొచ్చింది. తాతగారికి కోపం రాకూడదు మరి.

ఎఫ్ మౌంట్ తాత:
కోపం లేదమ్మా, అసూయే.

పాతబస్తీ ప్రైమ్:
అన్నా, లెక్క ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తా. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు, నీ డి7200ది 23.5×15.6. వైశాల్యం రెండింతలకు కొంచెం పైన. అంటే అదే అపెర్చర్‌లో (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ) నాయిస్ పరంగా లాభం ఒక స్టాప్‌కి (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్) కాస్త ఎక్కువ. ఇప్పుడు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన సెట్టింగ్) 2800 దగ్గర కనిపిస్తున్న గరుకు అక్కడ 6400 దగ్గర కనిపిస్తుంది. అంతే! అదీ ఫుల్ ఫ్రేమ్ లెన్స్ పెడితేనే. డీఎక్స్ లెన్స్ పెట్టి క్రాప్‌లో తీస్తే ఆ స్టాప్ కూడా పోయినట్టే, వాడుతున్నది మళ్లీ అదే చిన్న ముక్క కదా.

ఇప్పుడు 18-140ని 140 దగ్గర చూడు, ఎఫ్/5.6. దాని బదులు అదే డి7200 మీద ఎఫ్/1.8 లెన్స్ పెడితే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు, మూడు స్టాపులు దాటి. వేలకు వేలు పోసి బాడీ కొంటే ఒక స్టాప్, అందులో చిన్న భాగం పెట్టి లెన్స్ కొంటే మూడు. ఇంట్లో ఇచ్చిన మాటే తప్పు మాట. "బాడీ కొనను, ఒక్క లెన్స్ కొంటా" అని ఉండాల్సింది.

ట్రైపాడ్ లేనోడు:
భయ్యా, నా దగ్గర ఎఫ్/1.8 ఉందిగా, 50డి.

పాతబస్తీ ప్రైమ్:
ఉంది. పోయినసారి పెళ్లిలో వాడావా?

ట్రైపాడ్ లేనోడు:
...లేదు. పెళ్లికూతురి గదిలో గోడకు ఆనుకున్నా ముగ్గురు కూడా పట్టలేదు. తీసి బ్యాగులో పడేశాను.

రెండు బాడీల మనిషి:
ఇదిగో, అసలు రోగం ఇక్కడుంది. నేను పెళ్లిళ్లు తీసి బతికేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. క్రాప్ మీద 50 చూపు 75లా ఇరుకవుతుంది, పెళ్లివారి గదుల్లో అది పనికిరాదు. అదే 50ని డి750 మీద పెట్టు, గది తెరుచుకుంటుంది, ఫోకస్ కూడా తనంతట తనే పట్టుకుంటుంది. కాబట్టి ప్రైమ్ తమ్ముడి లెక్క నిజమే అయినా మన ట్రైపాడ్ లేనాయనకి వర్తించదు. ఆయన దగ్గరున్న వేగమైన లెన్స్ బ్యాగులో నిద్రపోవడానికి కారణమే చిన్న సెన్సార్.

పాతబస్తీ ప్రైమ్:
దానికి ఫుల్ ఫ్రేమ్ ఎందుకు సార్? 35 ఎంఎం ఎఫ్/1.8 డీఎక్స్ తీసుకుంటే డి7200 మీద 52లా చూస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది.

రెండు బాడీల మనిషి:
మళ్లీ ఇంకో డీఎక్స్ లెన్సా? ఆ దారిలో వెళ్తే ఇంకో రెండేళ్లకు ఇదే ప్రశ్న ఐదు లెన్సులతో అడుగుతాడు.

పాతబస్తీ ప్రైమ్:
ఆ 35 ఫుల్ ఫ్రేమ్ మీద కూడా దాదాపు నిండుతుంది సార్, మూలల్లో మాత్రం నీడ పడుతుంది. నేను లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల ముందు చతురస్రంగా కత్తిరించి వాడేవాణ్ణి, ఎవరూ కనిపెట్టలేదు. ఫుల్ ఫ్రేమ్ అనగానే పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టు అడగడం ఎక్కువైంది మన ఊళ్లో.

చెరువుగట్టు:
పక్షుల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే దూరుతున్నా. ఉదయం ఆరింటికి అమీన్‌పూర్ గట్టు మీద నిలబడితే పక్షి ఎప్పుడూ మనకు దూరమే. డి7200 మీద 70-300 చివర 450 చూపునిస్తుంది, 24 మెగాపిక్సెళ్లూ ఆ చూపులోనే. డి750 మీద అంతే దగ్గరగా కావాలంటే కత్తిరించాలి, మిగిలేది 10. పక్షి ఈకల మీద సగం కన్నా తక్కువ చుక్కలు పడతాయి. మెరుగు కోసం వెళ్లి వెనక్కి రావడమే. నా మాట వింటే డి7200 అమ్మొద్దు. ఎంత వస్తుందని? డి750కీ దీనికీ బ్యాటరీ ఒకటే, కార్డులూ ఎస్డీలే. పక్షులకిది, పెళ్లిళ్లకది.

కెనాన్ ఇంటి కోడలు:
"రెండో కెమెరా కొనలేదండీ, పాతది అమ్మలేదంతే" అని ఇంట్లో చెప్పొచ్చు. పనిచేస్తుంది, నాతో మావారు అదే చెప్పారు.

రెండు బాడీల మనిషి:
డి750 చూడ్డానికి వెళ్లేటప్పుడు కొన్ని విషయాలు. దాని షట్టర్ లక్షా యాభై వేల క్లిక్కుల వరకు పరీక్షించింది, కాబట్టి కౌంట్ అడుగు. పెళ్లి ఫోటోగ్రాఫర్ అమ్మిన బాడీ అయితే ఆ అంకె చూశాకే బేరం. పాత బ్యాచ్‌లకు షట్టర్ సమస్య మీద కంపెనీయే ఉచిత రిపేర్ ప్రకటించింది, సీరియల్ నంబర్ సరిచూసుకో. నీ నాలుగు లెన్సులూ పట్టుకెళ్లి షాపులోనే పెట్టి తీసి, ఫైళ్లు ఇంటికి తెచ్చుకో.

ఇంకోటి, కాస్త చేదుగా ఉంటుంది. 18-140 చోటు ఖాళీ అవుతుంది. పెళ్లిలో అన్నీ 50తో కానివ్వలేవు. ఏదో ఒక రోజు 24-120 ఎఫ్/4 లాంటిది కొంటావు. ఆ డబ్బు ఇప్పుడే లెక్కలో వేసుకో. లేకపోతే "లెన్సులు కొనను" అన్న మాట ఆరు నెలలు కూడా నిలవదు.

ఎఫ్ మౌంట్ తాత:
ఆరు నెలలా? మూడు.

ట్రైపాడ్ లేనోడు:
రాత్రి కూర్చుని గత రెండేళ్ల ఫోటోలు ఫోకల్ లెంగ్త్ వారీగా వేరుచేసి చూశాను. నాకే తెలియని సంగతి బయటపడింది. సగానికి పైగా 18-140తోనే, అందులోనూ 18 నుంచి 35 మధ్య. నేను గర్వంగా చెప్పుకునే 50డి పట్టుమని పది ఫోటోల్లో లేదు. పక్షులు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి. అంటే "ఉన్న లెన్సులతోనే" అని మొదలుపెట్టాను గానీ, నేను నిజంగా వాడే ఒక్క లెన్సే అవతలికి రాదు.

జెడ్5 ఆలోచన మానేశాను. పెళ్లికి డి750, 24-120 రెండు రోజులకు అద్దెకు తీసుకుంటున్నా. 50డి కూడా జేబులో పెట్టుకుంటా, పెళ్లికూతురి గదిలో అది నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడాలి. అప్పటిదాకా ఏదీ అమ్మను, ఏదీ కొనను.

పాతబస్తీ ప్రైమ్:
అద్దె రెండు రోజులే అంటున్నావు, తిరిగిచ్చేటప్పుడు ఏడవకు. సరే, 18-140 అమ్మితే ముందు నాకు చెప్పు.

ట్రైపాడ్ లేనోడు:
నీకెందుకు భయ్యా, నువ్వు ప్రైమ్‌ల (జూమ్ లేని లెన్సుల) మనిషివి కదా?

పాతబస్తీ ప్రైమ్:
మా ఆవిడకి. టూర్లకు వెళ్తే నా బ్యాగు మోయలేకపోతోందట.