థిన్ క్లయింట్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్ కలవడం లేదు, సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మా కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ ఉన్న పాత థిన్ క్లయింట్లను (పని అంతా సర్వర్ మీదే జరిగే చిన్న కంప్యూటర్ పెట్టెలు) విండోస్ సర్వర్ 2019కి కలపాలి. ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, పిల్లలకు సిస్టమ్స్ చాలడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

సర్వర్‌కి 192.168.1.50 స్టాటిక్ ఐపీ ఇచ్చాను. థిన్ క్లయింట్లకు రూటర్ డీహెచ్‌సీపీ (ఐపీని దానంతటదే ఇచ్చే పద్ధతి) నుంచి ఐపీ వస్తోంది, పింగ్ కూడా వెళ్తోంది. అదే స్విచ్‌కి నా ల్యాప్‌టాప్ పెడితే రిమోట్ డెస్క్‌టాప్ వెంటనే తెరుచుకుంటుంది. అంటే కేబుల్, ఫైర్‌వాల్, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు బాగానే ఉన్నట్టే కదా. లైసెన్సులు కొన్నాం కాబట్టి, ఒకేసారి ఇద్దరే లాగిన్ అవ్వగలిగే రెండు సెషన్ల పరిమితి కూడా కాదు.

థిన్ క్లయింట్‌లో మాత్రం పాస్‌వర్డ్ కొట్టగానే కనెక్షన్ తెగిపోతుంది. సర్వర్‌లో నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (డెస్క్‌టాప్ తెరుచుకోకముందే పాస్‌వర్డ్ సరిచూసే భద్రత) తీసేస్తే లోపలికి వెళ్తోంది. కానీ దాన్ని అలా వదిలేయడం నాకు ఇష్టం లేదు, పిల్లల మార్కులన్నీ ఆ సర్వర్‌లోనే ఉన్నాయి.

ఇంకో విషయం గమనించాను. పవర్ తీసిన ప్రతిసారీ వీటి గడియారం 2010కి పోతోంది. బహుశా లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. తేదీ తప్పుగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదని అంటుందని తెలుసు. కానీ చేత్తో తేదీ సరిచేసినా ఫలితం అదే.

అంటే ఇందులోని ఆర్‌డీపీ క్లయింటే (రిమోట్ డెస్క్‌టాప్‌కి కలిపే ప్రోగ్రామ్) పాతదై, కొత్త టీఎల్‌ఎస్‌ని (కనెక్షన్‌ని భద్రంగా ఉంచే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) అందుకోలేకపోతోందా? ఫర్మ్‌వేర్ మార్చకుండా ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే అప్‌డేట్ చేసే దారి ఉందా? గడియారం సరిగా ఉండేందుకు డీహెచ్‌సీపీ ఆప్షన్ 42తో ఎన్‌టీపీ సర్వర్ (సరైన సమయం చెప్పే సర్వర్) చిరునామా ఇస్తే ఇలాంటి పాత పెట్టెలు తీసుకుంటాయా? ఇలాంటి ల్యాబ్ నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. లాగ్ కావాలంటే పెడతాను.