డేటా సెంటర్ మనూళ్ళో పెడితే ఏఐ మన చేతికొచ్చినట్టేనా?

మద్దిలపాలెం కుర్రాడు:
గూగుల్ 2025 అక్టోబర్‌లో మన విశాఖకి ఏఐ హబ్ ప్రకటించింది, అంటే పెద్ద డేటా సెంటరన్నమాట, ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు, సముద్రం కేబుల్ కూడా ఇక్కడికే. ఇంకా ఏఐ పెద్ద కంపెనీల దగ్గరే ఉండకూడదు, తలా ఒకచోట ఉండాలి అంటారేంటి? అంత కరెంటు, అంత కూలింగు చిన్నోళ్ళ వల్ల అవుతుందా? 2014లో హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, షాపులో ఏఐ నడపడానికి పెట్టుకున్న కంప్యూటరు అప్పుడేం పనికొస్తుంది?

దస్తావేజుల పని, గోపాలపట్నం:
హుద్‌హుద్ మాట నిజమే తమ్ముడూ, పెద్దోళ్ళకి జనరేటర్లుంటాయి, నాకు ఇన్వర్టరే. కానీ ఊళ్ళో ఉండడం వేరు, చేతిలో ఉండడం వేరు. మన స్టీల్‌ప్లాంట్ చూడు, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ప్రాణాలిచ్చి తెచ్చుకున్నాం, ఫర్నేసులన్నీ ఇక్కడే, సొంత ఇనుప గని మాత్రం లేదు, ఖనిజం బయట కొనాల్సిందే, దాంతో ఎన్ని అవస్థలు పడ్డామో మనకి తెలీదా?

నా సంగతే చెప్తా. దస్తావేజు రాయించుకోడానికొచ్చిన పార్టీ తన స్థలం హద్దులు చెప్తుంటే ఫోన్లో రికార్డు చేసి ఒక ఆన్‌లైన్ సర్వీసులో టైపు చేయించేవాణ్ణి, ఏడాది బాగానే నడిచింది, ఒకరోజు వాళ్ళు లోపల మోడల్, అంటే మాట విని టైపు చేసే ఆ ఏఐనే, మార్చేశారు, చెప్పనైనా చెప్పలేదు. తూర్పు హద్దు గెడ్డ అని పార్టీ అంటే గడ్డ అని పడింది. మన వైపు గెడ్డంటే నీళ్ళు పారే వాగు, గడ్డంటే ఏటి? అలాగే రిజిస్ట్రేషన్ అయ్యుంటే ఆ పార్టీ, వాళ్ళ అన్నదమ్ములు కోర్టుకెక్కేవాళ్ళు. పాత మోడలే ఇవ్వండి అంటే తీసేశాం అన్నారు.

ఇప్పుడు ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్ళు ఎవరైనా దించుకునేలా ఓపెన్‌గా పెట్టిన తెలుగు మోడల్ నా కంప్యూటర్లోనే దించుకున్నా. కొంచెం స్లో, తప్పులూ ఉంటాయి, కానీ నిన్న చేసిన తప్పే రేపూ చేస్తుంది, ఎక్కడ చూసుకోవాలో నాకు తెలుసు.

రుషికొండ ఐటీ:
అన్నా, మోడల్ తయారుచేయాలంటే జీపీయూలు, అంటే ఏఐ లెక్కలు చేసే చిప్పులు కావాలి, పెద్దవాటికైతే వేలల్లో, ఎక్కువ ఎన్విడియా కంపెనీవే, ఆ చిప్పులు తైవాన్‌లో టీఎస్ఎంసీ అనే కంపెనీ చేసిపెట్టాలి. ఓపెన్‌గా ఇచ్చే మోడళ్ళు, మెటా లామా అయినా 2025 జనవరిలో వచ్చిన చైనా డీప్‌సీక్ ఆర్1 అయినా, పెద్ద సెంటర్లలో పుట్టినవే కదా. వాళ్ళు ఇవ్వడం మానేస్తే?

దస్తావేజుల పని, గోపాలపట్నం:
కొత్తవి రావు, అది నిజం. అందుకే కేంద్రం 2024లో ఇండియాఏఐ మిషన్‌కి 10 వేల కోట్లు పైన పెట్టింది, అందులో జీపీయూలు స్టార్టప్‌లకీ కాలేజీలకీ తక్కువ అద్దెకి ఇస్తున్నారు, అలాంటిది ఆంధ్రా యూనివర్సిటీలోనూ కొంత ఉండాలని మనం అడగాలి. తయారీ ఒకచోట జరిగితే నాకేం బాధ లేదు, కానీ ఒకసారి దించుకున్న ఫైలుని రాత్రికి రాత్రి ఎవరూ మార్చలేరు. నిన్న ఆనందపురం పార్టీ వచ్చాడు, వాళ్ళ పడమర హద్దు కూడా గెడ్డే, గెడ్డ అనే పడింది.