స్వరసంధి జరిగాక ఏది రాయాలి: మూల స్వరమా, మారిన స్వరమా?

ఉప్పుగాలి:
మన వైజాగ్ బృందం కొత్తగా కల్పించి కడుతున్న భాషలో నాలుగు స్వరాలు, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు (అచ్చులు కావు): మిట్ట, మట్టం, పల్లం, పైకెక్కే ఎక్కుడు. రెండు పల్లాలు పక్కపక్కన పడితే మొదటిది ఎక్కుడవుతుంది. అంతవరకు ఖాయం. తేలనిది రాత. నా ఓటు మారిన స్వరానికే. ‘రాముడు + ఎక్కడ’ను ‘రాముడెక్కడ’ అనేగా రాస్తాం! ఋగ్వేదం మొదట్లోని ‘అగ్నిమీళే’లో ‘గ్ని’ ఉదాత్తం (ఎత్తు స్వరం). దాని వెనకే వచ్చిన ‘మీ’ స్వరితమైంది (ఎత్తు నుంచి దిగే స్వరం), పుస్తకంలో దాని నెత్తిన నిలువు గీత పడింది. చెవికి వినిపించిందే కాగితం మీదుంది.

డాల్ఫిన్‌నోస్:
ఉప్పుగాలి గారూ, ‘రాముడెక్కడ’లో పోయింది ఒక్క ఉకారం. మాటను ఇంకా ఆనవాలు పట్టొచ్చు. స్వరం మారితే మాటే మారిపోతుంది. మాండరిన్‌లో మూడో స్వరాలు (మన పల్లం లాంటివి) రెండు కలిస్తే మొదటిది రెండో స్వరమవుతుంది (మన ఎక్కుడు లాంటిది). అందుకే ‘గుర్రాన్ని కొను’, ‘గుర్రాన్ని పూడ్చు’ రెండూ ‘మాయ్ మా’ అని ఒకేలా వినిపిస్తాయి. మాండరిన్‌ను రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతి మూల స్వరం రాస్తుంది కాబట్టి కాగితం మీద తేడా నిలిచింది. మీ పద్ధతిలో ఒకే మాటను నిఘంటువులో రెండు చోట్ల వెతుక్కోవాలి.

పెదవాల్తేరు:
రాతకంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది. పల్లాలు మూడు వరసగా వస్తే? కుడి నుంచి మొదలుపెడితే రెండోది ఎక్కుడవుతుంది. ఇక మొదటిదాని పక్కన పల్లం లేదు, అది కదలదు: పల్లం-ఎక్కుడు-పల్లం. ఎడమ నుంచి చేస్తే ఎక్కుడు-ఎక్కుడు-పల్లం. మాండరిన్ దీన్ని సమాసం కట్టుబడిని బట్టి తేలుస్తుంది. ‘చిన్న పులి’కి వాళ్ల మాట ‘షియావ్ లావ్‌హు’. అందులో ‘లావ్‌హు’ ముందు జతకడుతుంది, మామూలుగా 3-2-3 పలుకుతారు. ప్రదర్శనశాల ‘ఝాన్‌లాన్‌గ్వాన్’లో మొదటి రెండక్షరాలు జత, అందుకే 2-2-3. మనమూ లోపలి జతకు ముందు సంధి చేసి, తర్వాత బయటికి రావాలి. మూల స్వరమే రాసేటట్టయితే జత ఎక్కడుందో చదివేవాడికి తెలియాలి కదా, జతను కలిపి రాసి మిగిలిన అక్షరాన్ని అడ్డగీతతో విడదీస్తే చాలు.

ఇంకోటి. నియమం సరిచూసే రికార్డింగులు ఆర్కే బీచ్‌లో వద్దు, అలల హోరులో ప్రాట్ (గొంతు స్థాయి కొలిచే సాఫ్ట్‌వేర్) పిచ్ గీత ఎక్కడికక్కడ తెగుతుంది. గదిలో, ఫ్యాన్ ఆపి చేయండి. పిచ్ హద్దులు మగ గొంతుకు 75-300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100-500 పెట్టండి. పల్లంలో గొంతు గరగరలాడితే గీత సగానికి పడుతుంది, లేదా మాయమవుతుంది. అది చూసి కొత్త స్వరం దొరికిందనుకోవద్దు.

ఉప్పుగాలి:
జతల మాట ఒప్పుకుంటున్నా. నిఘంటువులో, వాక్యాల్లో మూల స్వరమే రాద్దాం. కానీ మొదటి పది పాఠాల్లో ప్రతి వాక్యం కింద ఇంకో వరసలో మారిన స్వరం ఉండి తీరాలి. లేకపోతే నేర్చుకునేవాళ్లు రెండు పల్లాలనూ పల్లాలుగానే పలికేస్తారు, ఆ అలవాటు దిద్దడం చాలా కష్టం.

డాల్ఫిన్‌నోస్:
దానికి నేనూ సరే. కామా దగ్గర మాత్రం సంధి ఆపుదాం, అక్కడ ఊపిరి తెగుతుంది.